రేఖ విడిచినది, కెమెరా నిలిపినది

1960 దశకము చివర అమెరికాలో ఒక చిత్రకళాశాఖ బయలుదేరినది. ఫోటోను ఎదుట పెట్టుకొని, దానికి ఏమాత్రమును తీసిపోని బొమ్మను రంగులతో వేయుట దాని ఆదర్శము. గోడమీది పగులు, గాజుమీది మెరుపు - ఆ చిత్రకారులకు విడువదగినది ఏదియు లేదు. మన తెలుగునాట ఒక చిత్రకారుడు ఇందుకు ఎదురుబాట నడిచినారు. కుంచెతో మొదలిడి కెమెరా చెంతకు చేరినారు. ఆయన బాపు.

1933 డిసెంబరు 15న జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణ మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రములు గీసినారు. 1967లో ‘సాక్షి’తో దర్శకులైనారు. బాపు ప్రతిభ విడిచిపెట్టుటలో ఉన్నది. ఒక వంపుతో వాలుజడ, రెండు గీతలతో పడవ. మిగిలిన తెల్లకాగితమే నీరు.

కెమెరాకు ఈ విడుపు తెలియదు. ఎదుటనున్నదెల్ల అది పట్టుకొనును. 1973లో ముళ్ళపూడి వెంకటరమణ రచనతో బాపు తీసిన ‘అందాల రాముడు’ రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు సీతారామ కల్యాణము చూడబోవు పడవప్రయాణపు కథ. దృశ్యములను ముందుగా బొమ్మలుగా గీసికొనుట బాపుకు అలవాటు. పాత్రలు ఎచట నిలువవలెనో ఆయన గీత నిర్ణయించినది. వారి వెనుకనున్న ఒడ్డును మాత్రము గోదావరియే గీసినది.

నేడు ఆ ఒడ్డు విలువ వేరు. ఆ నదీమార్గమున పాపికొండలు, కొండరెడ్ల, కోయల పల్లెలు ఉన్నవి. పోలవరము ముంపు కారణముగా 2014లో ఖమ్మం జిల్లానుండి కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచినది. గీతలు మారిన పటమును మరల అచ్చువేయవచ్చును. నీట మునిగిన రేవును మరల గీయుటకు చూచినవారు ఉండవలెను. నవ్వించుటకై తీసిన చలనచిత్రము ఈనాడు ఆ తీరమునకు సాక్ష్యమైనది.

ఈ సరిహద్దు పాఠశాలలలోని ఉపాధ్యాయులు విద్యార్థులకు ఆ చిత్రమును ఒకమారు చూపవలెను. కథానాయకుని కాక, అతని భుజముమీదుగా కనబడు తీరమును చూడుడని చెప్పవలెను. పిదప తమ ఊరి రేవును గీయమనవలెను. మెట్టు, చెట్టు, కట్టుకొయ్య, దానికి కట్టిన త్రాడు - బాపు గీత నేర్పిన పొదుపును ఆ ఒక్క బొమ్మకు ప్రక్కన పెట్టి, ఏదియు విడువక గీయమనవలెను.