గుండె ఆగితే.. ఊరిని బట్టి ఆయువు!

హఠాత్తుగా గుండె ఆగి కుప్పకూలిన వ్యక్తి బతికి బట్టకట్టడం ఏ ఊళ్లో పడిపోయాడన్న దానిపైనా ఆధారపడి ఉంటోంది. అమెరికా, కెనడాల్లోని 10 ప్రాంతాల్లో 2006 మే నుంచి ఏడాదిపాటు జరిపి, 2008లో వెలువరించిన అధ్యయనం ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. ఆసుపత్రి వెలుపల గుండె ఆగి, అంబులెన్సు సిబ్బంది చికిత్స అందించిన వారిలో అలబామాలో నూటికి ముగ్గురే ప్రాణాలతో ఇంటికి చేరారు. సియాటిల్‌లో 16 మంది బతికారు. అంటే అయిదు రెట్ల తేడా.

ఎందుకీ వ్యత్యాసం?
రక్తనాళం మూసుకుపోయి గుండె కండరం దెబ్బతినడం గుండెపోటు. గుండె కొట్టుకోవడమే నిలిచిపోవడం వేరు. అప్పుడు మెదడుకు రక్తం అందదు. ఛాతీపై నొక్కే సీపీఆర్ గానీ, గుండె లయను సరిచేసే విద్యుత్ షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. సియాటిల్‌లో 1970వ దశకంలోనే సామాన్య పౌరులకు సీపీఆర్ నేర్పడం ప్రారంభించారు. అక్కడ అంబులెన్సు వచ్చేలోపే పక్కనున్నవారు రంగంలోకి దిగడం ప్రాణాలు దక్కడానికి ఒక ముఖ్య కారణం.

పక్కనున్నవారు చేయాల్సింది..
* పిలిచినా పలకక, శ్వాస ఆగినా, ఎగశ్వాస మాత్రమే ఉన్నా తక్షణం 108కు ఫోన్ చేయాలి.
* గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టాలి. అరచేతిపై అరచేయి ఉంచి ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పెద్దలకైతే ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు లోనికి దిగాలి.
* ఒకరు అలసిపోతే మరొకరు అందుకోవాలి. అంబులెన్సు వచ్చేవరకు ఆపరాదు.