పాత ఇంజనునకు క్రొత్త చెవి



వంటయింటిలోని ముసలమ్మ మూత తీయకయే, ఎసరు పొంగుచున్నదో అన్నము మాడుచున్నదో చప్పుడునుబట్టి చెప్పగలదు. మోటారుకారు పుట్టిన తొలినాళ్ళలో దానిని నడుపువాడును అట్లే చెవిని నమ్ముకొనెడివాడు. 1908 మొదలు 1927 వఱకు తయారైన ఫోర్డు టీ నమూనా కారులో స్టీరింగు చక్రము క్రింద నొక మీట యుండెడిది. ఇంజను చప్పుడు విని, ఆ మీటను జరిపి, నిప్పురవ్వ పడు క్షణమును అతడే దిద్దుకొనెడివాడు. ఆ వినికిడి పనిని తరువాతి కాలమున రవ్వను పుట్టించు ప్లగ్గే చేయ నేర్చినది. అది యెట్లో, అట్టి సాధనమును పాత ఇంజనునకు అమర్చవచ్చునో లేదో నేడు విన్నవించెదను.

సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి యుండును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును నొక్కును. స్పార్కు ప్లగ్గు కొనల నడుమ రవ్వ పుట్టి దానిని అంటించును. మంట అంతట వ్యాపించుటకు కొంచెము కాలము పట్టును గనుక, పిస్టను పైకొనను చేరుటకు ముందే రవ్వ పడవలయును. మిక్కిలి ముందు పడెనా, మూలనున్న మిశ్రమము మంట చేరకమునుపే తనంతట తాను భగ్గుమనును. దీనినే మెకానికులు నాకింగు అందురు. అది ముదిరినచో పిస్టను బీటలువారును, కరిగి చిల్లుపడును. రవ్వ ఆలస్యమైనచో వేడి పొగగొట్టము పాలగును, బలము తగ్గును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు నాలుగు సిలిండరుల ఇంజనులో సెకనునకు 100 రవ్వలు పడవలయును. అవి యన్నియు సకాలమున పడుట యెంత సూక్ష్మమైన పనియో మీరే యూహింపుడు.

మీట పోయిన పిమ్మట ఈ భారము డిస్ట్రిబ్యూటరుపై పడెను. అందలి చిన్న బరువులు వేగమునుబట్టి విచ్చుకొని రవ్వను ముందునకు జరుపును. కాని పెట్రోలు మంచిదో చెడ్డదో, లోపల మంట యెట్లున్నదో వానికి తెలియదు. అవి పిల్లవాని ముఖము చూడక పాఠము చెప్పు పంతులువంటివి.

స్వీడను దేశపు సాబ్ కంపెనీవారు ఒక చక్కని యుపాయమును ఆచరణలో పెట్టిరి. మంటలో అణువులు విచ్ఛిన్నమై విద్యుదావేశముగల కణములు పుట్టును. వానికి అయానులని పేరు. మామూలు గాలి విద్యుత్తును పోనీయదు. అయానులున్న మంట కొంచెము పోనిచ్చును. కావున రవ్వ ముగిసిన వెంటనే అదే ప్లగ్గు కొనల మధ్య సుమారు 80 వోల్టుల నుంచి, ప్రవహించిన స్వల్ప విద్యుత్తును కొలిచిరి. మంట లేనిచో ప్రవాహము లేదు. మంట సక్రమమైనచో ప్రవాహము నున్నని అలవలె లేచి తగ్గును. నాకింగు పుట్టినచో ఆ అలపై సెకనునకు వేలకొలది సన్నని వణకులు కనబడును. అప్పుడు కంప్యూటరు తరువాతి రవ్వను కొంచెము వెనుకకు జరుపును. ట్రయానిక్ అను ఈ వ్యవస్థ 1993 నమూనా సాబ్ 9000 కారులలో వచ్చెను.

అంతకు పూర్వము, 1978లో వెలువడిన సాబ్ 900 కారులలో డిస్ట్రిబ్యూటరే యుండెను. సాబ్ కారుల కంపెనీ 2011 డిసెంబరులో దివాలా తీసెను. పాత కారులను కాపాడుకొనువారిలో కొందఱు తమ 900 ఇంజనులకు ట్రయానిక్ అమర్చుకొనిరి. ఇందుకు మూడు వస్తువులు ముఖ్యము. మొదటిది, ప్లగ్గుల నెత్తిన కూర్చుండు పెట్టె. ఇది 40,000 వోల్టుల వఱకు పుట్టించును. రెండవది, క్రాంకుషాఫ్టుతో తిరుగు పండ్ల చక్రము. 60 పండ్లకు చోటుండి రెండు పండ్లు లేకుండుటచే, ఆ ఖాళీయే పిస్టను స్థానమునకు గుఱుతగును. మూడవది కంప్యూటరు. ఒకటవ పిస్టనును నాలుగవ పిస్టనును జంటగా పైకి వచ్చును. కంప్యూటరు మొదట రెంటను రవ్వ వేసి, ఎందు మంట పుట్టెనో అయానుల వలన తెలిసికొని, వరుస నిశ్చయించుకొనును. ఇక డిస్ట్రిబ్యూటరు అక్కఱలేదు.

అయినను తొందరపాటు తగదు. ఇది చెవియే గాని మందు కాదు. అరిగిన రింగులను, కారుచున్న వాల్వులను ఇది బాగు చేయదు. మసిపట్టిన ప్లగ్గు మంట లేకున్నను విద్యుత్తును జాఱవిడుచును. అట్టిది అబద్ధపు సాక్ష్యము చెప్పును. ఒక ఇంజనునకు వ్రాసిన లెక్కలు వేఱొకదానికి సరిపడవు. తప్పుడు లెక్క పిస్టనునే బలిగొనును. అంతటి వోల్టుల విద్యుత్తు మనుష్యునకును ప్రమాదమే గనుక, బ్యాటరీ తీగ విప్పక పెట్టెను ముట్టరాదు.

మీ యూరిలో సాబ్ కారు లేకపోవచ్చును. కాని పాత యంత్రమునకు క్రొత్త సాధనము తగిలింపవలెనా యను ప్రశ్న మన యందఱిదియును. ముందుగా యంత్రపు ఆరోగ్యమును పరీక్షింపుడు. పిమ్మట సాధనమును కొనుడు. విప్పిన డిస్ట్రిబ్యూటరును పాఱవేయక, నూనె రాచి, గుడ్డలో చుట్టి దాచుడు. క్రొత్త పెట్టె చెడి, మాఱు పెట్టె దొరకని దినమున, బండిని ఇల్లు చేర్చునది అదియే.