మీకు తెలుసా? పిల్లి గోరు గీసుకుంటే...

• పిల్లి బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగుల విసర్జన దాని గోళ్లకు అంటుకుంటుంది. గీరినప్పుడు అందులోని బార్టొనెల్లా హెన్సెలే బ్యాక్టీరియా మన ఒంట్లోకి చేరవచ్చు. పిల్లికూనలతో ఈ ముప్పు ఎక్కువ.

• వెంటనే గాటును కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు.

• రక్తం రాకపోయినా చర్మం గీరుకుపోతే రేబిస్ టీకా అవసరం. రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. టెటనస్ టీకా సంగతీ అడగండి.

• 1–3 వారాల్లో చంకలో, మెడ దగ్గర బిళ్లలు కట్టినా, జ్వరం వచ్చినా, గాటు ఎర్రగా వాచినా డాక్టరుకు పిల్లి గీరిన సంగతి తప్పక చెప్పండి.