పశువుల మేతలో విషము

తొలివాన కురిసి చేలు పచ్చబడగానే, వేసవియంతయు ఎండుగడ్డితో ప్రాణము నిలుపుకొన్న పశువు ఆ పచ్చదనమును చూచి ఆగజాలదు. మేతవలని గండము హెచ్చుగా నుండునదియు ఆ దినములలోనే. సంఘమున అప్పు తెచ్చి కొన్న యెద్దు ఒక్క గంటలో నేలకొరగినచో, అప్పు నిలుచును, దుక్కి అదను తప్పును. కావున 2016 వరకు వరంగల్ జిల్లాలోనుండి, ఇప్పుడు జనగామ జిల్లాలో చేరిన మన స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతపు రైతు సోదరులకు కొన్ని సంగతులు విన్నవించుచున్నాము.

వానలేక గిడసబారిన జొన్నలోను, కోసిన మోళ్లనుండి లేచిన పిలకలలోను "నాము" ఉండునని మన పెద్దలు చెప్పుదురు. ఇది మూఢనమ్మకము కాదు. లేత జొన్నాకులో ధురిన్ అను పదార్థము కలదు. పశువు నమలగా అది విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లమను తీవ్రవిషమును పుట్టించును. రక్తములోని ప్రాణవాయువును శరీరము వాడుకొనకుండ ఈ విషము అడ్డుపడును. పశువు రొప్పును, చొంగ కార్చును, తూలి పడి కాళ్లు కొట్టుకొనును. మొదట చిగుళ్లు మిక్కిలి ఎఱ్ఱగా కనబడును. కొన్ని నిమిషములలోనే చావు రావచ్చును.

ఇట్టి గురుతులు కనబడిన వెంటనే పశువైద్యుని పిలువవలెను. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అను మందులను ఆయన నరమునకు ఎక్కించును. నాటువైద్యముతో కాలము గడుపరాదు. పడియున్న పశువు నోట బలవంతముగా ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. పచ్చిజొన్నను పూతకు వచ్చిన పిదపనే కోసి వేయుడు. బాగుగా ఎండిన చొప్పలో విషము చాలవరకు తగ్గును. ఆకలిగొన్న పశువును జొన్నచేనికి తోలకుడు. ముందుగా ఎండుగడ్డి వేయుడు.

తక్కిన మొక్కలును తెలిసికొనదగినవే. చెఱువుగట్ల తూటికాడను మేకలు రుచి మరగినచో నరములు చెడి, వణకుచు చిక్కిపోవును. లాంటానా కంప తిన్న పశువునకు కాలేయము చెడి కామెర్లు వచ్చును. ఎండ తగిలిన చోట చర్మము పగులును. గన్నేరు ఆకులు కొలదిగా తిన్నను గుండె ఆగును. కత్తిరించిన కొమ్మలను దొడ్డిలో పడవేయరాదు. ఆముదపు గింజలు విషము. వాని పిండి పొలమునకు ఎరువే గాని పశువునకు దాణా కాదు.

2006లో వరంగల్ జిల్లాలో పత్తి ఏరిన చేలలో మేసిన గొఱ్ఱెలు పెక్కు చచ్చినవని కాపరులు మొఱపెట్టుకొనిరి. బీటీ పత్తియే కారణమని కొందరును, నైట్రేటులు, పురుగుమందుల శేషములు కావచ్చునని మఱికొందరును వాదించిరి. వాద మెట్లున్నను, మందు కొట్టిన చేనిలో మందను విడువరాదను పాఠము మనకు చాలును.

ఈ పని ఒక్కరివలన కానిది. ఒకరి చేని పిలకలు పొరుగువాని యావును చంపును. కావున వానలకు ముందే సభ్యులందఱు కూడి బీళ్లలోని కంపను, చెఱువుగట్ల తూటికాడను వేళ్లతో పెరికించుడు. నాము భయమున్న చేలను గూర్చి ఊరంతట చాటింపు వేయించుడు. పశులకాపరి పిల్లలకు ఈ మొక్కలను చూపి చెప్పుడు. మందవెంట నడచువారు వారే. విరుగుడు మందులు సిద్ధముగా నున్నవో లేవో పశువైద్యశాలలో ముందుగానే విచారించుడు. పశువు పడిన పిదప విచారించుటకు వ్యవధి యుండదు.