వణుకుతున్న చేతిని చూసి నవ్వకండి
(పార్కిన్సన్స్ జబ్బు గురించి నాలుగు మాటలు)



ఈ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు మా ముగ్గురికీ ఒక్కసారే గుర్తొచ్చింది మా వంట బాబాయి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆయన వండిన అన్నం తిని పెరిగినవాళ్ళం మేము. మాలో ఒకరు ఫార్మసీ, ఒకరు నర్సింగ్, ఒకరు ఫిజియోథెరపీ చదివారు. ఇప్పుడు ముగ్గురం ఆసుపత్రుల్లోనే పనిచేస్తున్నాం. అయినా బాబాయికి వచ్చిన జబ్బు ఏమిటో మాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ వ్యాసం.

మేము చూసి కూడా తెలుసుకోలేనివి

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా బాబాయి కుడిచేయి వణకడం మొదలైంది. విచిత్రమేమిటంటే, గరిటె పట్టుకుని సాంబారు పోసేటప్పుడు చేయి బాగానే ఉండేది. పని అయిపోయి అరుగు మీద కూర్చోగానే బొటనవేలు, చూపుడువేలు మాత్ర నలుపుతున్నట్టు ఆడుతుండేవి. "పని ఎగ్గొట్టడానికి నాటకం" అన్నాం. మందు తాగుతాడని ఎవరో పుకారు పుట్టిస్తే దాన్నీ నమ్మాం. ఆయన జీవితంలో చుక్క ముట్టిన మనిషి కాదు.

ఇంకా ఉన్నాయి. పప్పు అడుగంటి మాడుతున్నా ఆయనకు వాసన తెలిసేది కాదు. అజాగ్రత్త అనుకున్నాం. ఎదురుపడి నమస్తే పెడితే మొహంలో నవ్వు కనిపించేది కాదు. పొగరు అనుకున్నాం. హాజరు రిజిస్టరులో ఆయన సంతకం ఏడాదికేడాది చిన్నదై చివరికి చీమ పాకినట్టు తయారైంది. దాన్ని మేము చూసి నవ్వుకున్నాం తప్ప, ఎందుకిలా అని అడగలేదు.

ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలని చదువుకున్నాక తెలిసింది. పార్కిన్సన్స్‌లో వణుకు సాధారణంగా చేయి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎక్కువ, పని చేసేటప్పుడు తక్కువ. మొదట శరీరంలో ఒక పక్కనే మొదలవుతుంది. అయితే డాక్టర్లు ముఖ్యంగా చూసేది వణుకును కాదు, కదలికల మందగింపును. దానితోపాటు వణుకు గానీ, కండరాల బిగుసుదనం గానీ ఉంటే ఈ జబ్బును అనుమానిస్తారు. వణుకు అసలే లేని రోగులూ ఉంటారు. వణికే ప్రతి చేయీ పార్కిన్సన్స్ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలవరిస్తూ కాళ్ళూ చేతులూ విసరడం వంటివి వణుకు కంటే కొన్నేళ్ళ ముందే రావచ్చు.

మెదడులో ఏం జరుగుతుంది?

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. ఆ ఆరుగురిలో కొందరు ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చినవారు కారు. వీధిలో నడుస్తుంటే ఆయన గమనించినవారు. దారిన పోయే మనిషి నడకను చూసి నవ్వకుండా, ఆగి, ఆలోచించిన మనిషి పేరే ఈ జబ్బుకు నిలిచింది. మేము ఐదేళ్ళు పక్కనే ఉండి చేయలేనిది ఆయన వీధిలో చేశారు.

మన మెదడు అడుగు భాగంలో నల్లటి రంగు కణాల గుంపు ఒకటి ఉంది. ఆ కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. కాలు కదపాలన్నా, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా ఆ కదలిక సాఫీగా సాగడానికి డోపమిన్ కావాలి. ఏ కారణం చేతనో ఆ కణాలు ఒక్కొక్కటే చనిపోతూ వస్తాయి. చాలా భాగం పోయాకే వణుకు, మందగింపు బయటపడతాయి. ఇది అంటువ్యాధి కాదు, శాపం కాదు, చేతబడి కాదు. ఎక్కువగా అరవై దాటినవారికి వస్తుంది గానీ నలభై, యాభై ఏళ్ళవారికీ రావచ్చు. 2019లో ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

దూలగొండి నుంచి మాత్ర దాకా

సెలవుల్లో పొలాల గట్ల మీద తిరిగిన వారికి దూలగొండి కాయ తెలిసే ఉంటుంది. దాని నూగు తగిలితే ఒళ్ళంతా దురద. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ దూలగొండి గింజల నుంచి లెవోడోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. అది పార్కిన్సన్స్‌కు మందవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చారు. రిసర్పిన్ మన సర్పగంధి వేరులో ఉండే మందు. కుందేళ్ళు కదలకుండా చతికిలపడ్డాయి. లెవోడోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. ఈ పరిశోధనలకు ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో వియన్నాలో హార్నికివిచ్ బృందం ఈ జబ్బుతో చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించి డోపమిన్ బాగా తగ్గిపోయిందని చూపింది. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ మందును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే రోగులు లేచి నడవగలుగుతారని నిరూపించారు.

నోటితో తీసుకున్న లెవోడోపాలో ఎక్కువ భాగం మెదడుకు చేరకముందే ఖర్చయిపోయి వాంతులు తెప్పిస్తుంది. అందుకే దానికి కార్బిడోపా అనే మందును జతచేశారు. ఇప్పటికీ ఈ జబ్బుకు అన్నిటికంటే బలంగా పనిచేసేది ఈ జంట మాత్రే.

మరి దూలగొండి గింజలే తింటే పోదా అని మీరు అడగవచ్చు. దాని మీదా పరిశోధనలు జరిగాయి. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో బొలీవియా దేశంలోని 18 మంది రోగులకు గింజల పొడి ఇస్తే మాత్రలాగే పనిచేసింది. కానీ 2018లో 14 మందికి రోజూ ఇచ్చి చూస్తే సగం మంది మధ్యలోనే మానేయాల్సి వచ్చింది. కొందరికి కడుపులో ఇబ్బంది, కొందరికి కదలికలు మళ్ళీ మందగించాయి. కాబట్టి సొంత వైద్యం వద్దు.

"ఇప్పుడే మింగితే తర్వాత పనిచేయదట"

పోయిన సంక్రాంతికి రిటైరైన బాబాయిని చూడటానికి ఆయన ఊరు వెళ్ళాం. మంచం కింద రేకు డబ్బా నిండా మాత్రలున్నాయి. డాక్టరు రోజుకు మూడు రాస్తే ఆయన ఒకటే వేసుకుంటున్నాడు. ఎందుకని అడిగితే, "ఆ మందుకు అయిదేళ్ళే బలమంట. ఇప్పుడే మింగేస్తే రేపు మంచాన పడ్డాక ఏది పనిచేస్తుందిరా?" అన్నాడు.

ఈ భయం బాబాయిది ఒక్కడిదే కాదు. చాలా దేశాల్లో రోగులకూ ఉంది, ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. దానికి జవాబు చెప్పిన పరిశోధనలు రెండు ఉన్నాయి.

ఒకటి 2014లో వచ్చింది. ఆఫ్రికాలోని ఘనా దేశపు రోగులను ఇటలీ రోగులతో పోల్చారు. ఘనాలో మందు దొరకడం కష్టం. అందువల్ల వారు జబ్బు మొదలైన నాలుగేళ్ళకు పైగా గడిచాక, ఇటలీ వారు సుమారు రెండేళ్ళకు మందు మొదలుపెట్టారు. ఆలస్యంగా మొదలుపెట్టినందువల్ల ఘనా రోగులకు చిక్కులు ఆలస్యంగా రావాలి కదా? అలా జరగలేదు. జబ్బు వయసు లెక్కన చూస్తే ఇద్దరికీ దాదాపు ఒకే సమయంలో వచ్చాయి. అంటే ఆలస్యం చేసి ఘనా రోగులు దాచుకున్నది ఏమీ లేదు, పోగొట్టుకున్నది మాత్రం ఆ నాలుగేళ్ళ మంచి నడక.

రెండోది 2019లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. 445 మంది కొత్త రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మొదటి నుంచీ 80 వారాలు అసలు మందు ఇచ్చారు. రెండో జట్టుకు మొదటి 40 వారాలు మందు లేని మాత్ర, తర్వాత 40 వారాలు అసలు మందు ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. మనసులోని ఆశ, అనుమానం లెక్కను పాడుచేయకుండా ఉండటానికే ఈ పద్ధతి. చివరికి రెండు జట్ల పరిస్థితీ ఒకటే. ముందుగా మొదలుపెట్టడం వల్ల జబ్బు నెమ్మదించలేదు, ముదరనూ లేదు. కానీ మొదటి 40 వారాలు మందు తిన్నవారు హాయిగా గడిపారు.

మందు జబ్బును ఆపదు. ఆపే మందు ఇంకా రాలేదు. కానీ ఉన్న రోజులను బాగుచేస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత వేసుకోవాలి అనేది రోగి అవసరాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. డబ్బాలో దాచుకుంటే పెరిగే ఆస్తి కాదు అది.

చిక్కులు ఎందుకు వస్తాయి?

అయితే కొన్నేళ్ళకు మందు పనిచేసే సమయం తగ్గడం నిజమే. మన హాస్టల్ నీళ్ళ ట్యాంకును తలచుకోండి. ట్యాంకు పెద్దదైతే పొద్దున ఒకసారి మోటారు వేస్తే సాయంత్రం దాకా కుళాయిలో నీళ్ళు వస్తాయి. ట్యాంకు చిన్నదైపోతే మోటారు ఆడినంతసేపే ధార. మిగిలిన మెదడు కణాలే ఆ ట్యాంకు. అవి తగ్గేకొద్దీ మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకే శరీరం మళ్ళీ బిగుసుకుంటుంది. మందు ఎక్కువైన సమయంలో ఒళ్ళు మెలికలు తిరుగుతున్నట్టు ఆడుతుంది. చూసేవాళ్ళు దాన్నే జబ్బు అనుకుంటారు.

ఇలాంటివారికి మాత్రల వేళలు మార్చడం, వేరే మందులు కలపడం చేస్తారు. వాటిలో ఒకటి సాఫినమైడ్. దీని మీద 669 మందితో జరిగిన ఒక ముఖ్యమైన పరిశోధన 2014లో ప్రచురితమైంది. ఆ పత్రానికి మొదటి రచయిత అప్పట్లో హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన డాక్టర్ రూపమ్ బోర్గోహైన్. లెవోడోపాకు దీన్ని కలిపితే రోజులో బాగుండే సమయం, మందు లేని మాత్ర తిన్నవారికంటే సుమారు అరగంట పెరిగింది. అరగంటేనా అనిపించవచ్చు. తన చేత్తో తాను అన్నం కలుపుకుని తినడానికి అరగంట చాలు.

మందుకు బాగా స్పందిస్తూనే ఇలా హెచ్చుతగ్గులతో బాధపడేవారిలో కొందరికి ఆపరేషన్ చేస్తారు. మెదడులోకి సన్నని తీగలు పంపి, ఛాతీ చర్మం కింద పెట్టిన బ్యాటరీతో చిన్న విద్యుత్తు ఇస్తారు. 1987లో ఫ్రాన్స్‌లో బెనాబిడ్ దీనికి దారి వేశారు. నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్ చేస్తున్నారు. ఖర్చు ఎక్కువ, అందరికీ పనికిరాదు.

ఇంట్లో మనం చేయగలిగింది

మన హాస్టల్ పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో చదువుకున్నవాళ్ళు మనమే మొదటివాళ్ళం. అందుకే ఇవి మనం చెప్పకపోతే చెప్పేవారు ఉండరు.

1. లక్షణాలు కనిపిస్తే నరాల డాక్టరుకు చూపించండి. పాత మందుల చీటీలన్నీ తీసుకెళ్ళండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరగడానికి ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, మానసిక జబ్బులకు ఇచ్చే హాలోపెరిడాల్ వంటివి కూడా అచ్చం ఇలాంటి లక్షణాలే తెస్తాయి. డాక్టరు వాటిని మాన్పిస్తే చాలామందిలో తగ్గిపోతుంది.

2. మాత్ర వేళ తప్పకూడదు. భోజనానికి అరగంట, గంట ముందు వేసుకోవడం మంచిది. పప్పు, గుడ్డు, పాలు, మాంసంలోని మాంసకృత్తులు మందును మెదడుకు చేరనీయకుండా పోటీపడతాయి. అలాగని అవి మానేయకూడదు.

3. మందు ఒక్కసారిగా ఆపకూడదు. తీవ్రమైన జ్వరం, బిగుసుదనం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

4. అన్నం మింగేటప్పుడు పొలమారడం, తరచూ పడిపోవడం, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, లేని మనుషులు కనిపించడం, దిగులు పట్టుకోవడం, ఉన్నట్టుండి జూదం మీద, ఖర్చు మీద పిచ్చి పుట్టడం గమనిస్తే డాక్టరుకు చెప్పండి. చివరిది కొన్ని మందుల వల్ల వచ్చేది, మనిషి గుణం కాదు.

5. రోజూ నడక, వ్యాయామం చేయించండి.

6. కొందరికి గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. చేయి పట్టి లాగకండి, పడిపోతారు. నేల మీద అడుగు అడుగుకూ అడ్డగీతలు గీస్తే వాటిని దాటుతూ చాలామంది నడవగలుగుతారు.

ఆ సంక్రాంతి రోజు బాబాయి వంటగది గుమ్మం దగ్గర అలాగే ఆగిపోయాడు. పిన్ని వాకిట్లో వేసిన ముగ్గులో మిగిలిన పిండి తెచ్చి మేము గుమ్మానికి ఇటూ అటూ ఆరు గీతలు గీశాం. ఆయన గీతల వైపు చూశాడు, కాలెత్తాడు, దాటాడు. లోపలికి వెళ్ళి, "ఇన్నేళ్ళకు నాకు చదువు చెప్పార్రా" అన్నాడు. మొహంలో నవ్వు కనిపించలేదు. ఈసారి దాన్ని పొగరు అనుకోలేదు.

ఇప్పుడు ఆయన మూడు మాత్రలూ వేళకు వేసుకుంటున్నాడు. గుమ్మం దగ్గర ముగ్గు గీతల చోట పిన్ని తెల్ల రంగు వేయించింది.

తమ్ముళ్ళారా! మీ ఊళ్ళోనో, ఈ హాస్టల్లోనో ఒక పెద్దాయన చేయి వణుకుతుంటే నవ్వేముందు ఒక్క క్షణం ఆగండి. "ఎన్నాళ్ళుగా ఇలా ఉంది? డాక్టరుకు చూపించారా?" అని అడగండి. మేము ఆ రెండు మాటలు అడగడానికి చాలా ఏళ్ళు ఆలస్యం చేశాం. మీరు చేయరని నమ్ముతూ సెలవు తీసుకుంటున్నాం.

— పూర్వ విద్యార్థులం