చూడకుండానే చేతికి తెలియాలి!

పెళ్ళి పందిట్లో మైకు ఉన్నట్టుండి ‘కుయ్’మని అరిచిందంటే, హారన్ నుంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి దూరిందన్నమాట. ఆపరేటరు వెంటనే ఆ మైకు నాబ్‌ను తగ్గించాలి. కంగారులో పక్క నాబ్‌ను తగ్గిస్తే సన్నాయి ఆగుతుందే తప్ప కూత ఆగదు. ఒకే ఆకారంలో, దగ్గర దగ్గరగా అమర్చిన నాబ్‌లతో వచ్చే చిక్కు ఇది.

ఇదే చిక్కు ఒకప్పుడు విమానాలను దెబ్బతీసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బి-17 బాంబర్ల పైలట్లు కొందరు నేలపై దిగాక, రెక్కల ఫ్లాపులను ముడవబోయి చక్రాలను ముడిచేవారు. రెండు మీటలూ పక్కపక్కనే ఒకేలా ఉండటమే ఇందుకు కారణమని మనస్తత్వ శాస్త్రవేత్త అల్ఫాన్స్ చపానిస్ గుర్తించారు. చక్రాల మీటకు చిన్న చక్రం, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారపు పిడి అమర్చడంతో చేతికే తేడా తెలిసింది.

యాంప్లిఫయర్లకూ ఇదే సూత్రం. మాస్టర్ నాబ్ పెద్దదిగా, మిగతావి చిన్నవిగా ఉండాలి. అంచుకు గాట్లుంటే చెమట చేతికి జారదు. గుర్తు గీతను లోతుగా చెక్కితే ఎంతవరకు తిప్పిందీ వేలికి తెలుస్తుంది. బాస్, ట్రెబుల్ నాబ్‌లు నడిమధ్యకు రాగానే ‘టిక్’మంటే మరీ మంచిది.

లోపలి పనితనమూ ముఖ్యమే. శబ్దశక్తి పది రెట్లయితేగాని చెవికి సుమారు రెండింతలుగా వినపడదు. అందుకే వాల్యూం కంట్రోలులోని కార్బన్ పట్టీని, సగం తిప్పినప్పుడు దాదాపు పదో వంతు వోల్టేజి మాత్రమే వెళ్ళేలా తయారుచేస్తారు. రిపేరులో దాని బదులు సమానంగా పెంచే రకం వేస్తే, కొద్దిగా తిప్పగానే చెవులు అదురుతాయి. ఆ తర్వాత ఎంత తిప్పినా పెద్ద తేడా ఉండదు.

కంప్యూటరు తెర మీది బొమ్మ నాబ్‌లకు స్పర్శ లేదు. మౌసుతో గుండ్రంగా తిప్పడం కష్టం కనుక చాలా సాఫ్ట్‌వేర్లలో పైకి లాగితే పెరిగేలా, కిందికి లాగితే తగ్గేలా పెట్టారు. అయినా కళ్ళు తెర మీదే ఉండాలి. చూపులేనివారికి అది మరీ ఇబ్బంది.

మైకు సెట్టు కొనేవారు వాట్లు, వెల చూసి సరిపెట్టుకోక, కొట్లోనే ఒకసారి కళ్ళు మూసుకుని నాబ్‌లను తడిమి చూడాలి. ఏది మాస్టరో చేతికి తెలియకపోతే రేపు పందిట్లో తిప్పలు తప్పవు.