ముందుగా చెల్లించిన సొమ్ము, చేతికి రాని హెడ్‌ఫోన్లు

2018 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ డియాగో నగరానికి చెందిన ఆసిక్ అనే చిన్న కంపెనీ మూతపడింది. అది తయారు చేయదలచిన వస్తువు ఒక్కటే. దాని పేరు ఆసిక్ ఎక్స్, తలకు తగిలించుకునే హెడ్‌ఫోన్లు. వాటి కొరకు వేర్వేరు దేశాల నుండి సుమారు 22,000 ముందస్తు ఆర్డర్లు వచ్చాయి. 32 లక్షల డాలర్లకు పైగా సొమ్ము ముందే జమ అయింది. కంపెనీ మూతపడేనాటికి తయారై బయటకు వెళ్లినవి దాదాపు 250 మాత్రమే. తక్కినవారికి వస్తువూ అందలేదు, పైకమూ తిరిగి రాలేదు.

ఆ వస్తువు బూటకమని మేము అనము. దాని వెనుక ఒక నిజమైన విద్య ఉంది. కుడివైపు నుండి వచ్చే శబ్దం కుడి చెవిని ముందుగా, ఎడమ చెవిని లిప్తపాటు ఆలస్యంగా చేరుతుంది. ఆ వ్యవధి సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ. తల అడ్డుపడుట వలన రెండవ చెవికి శబ్దం కొంత మందగిస్తుంది కూడా. చెవి డొప్పలోని మడతలు ముందునుండి వచ్చిన ధ్వనిని ఒక తీరుగా, పైనుండి వచ్చిన దానిని మరొక తీరుగా మలుస్తాయి. ఈ స్వల్ప భేదాలను బట్టియే, కళ్లు మూసుకున్నా, పిలిచినవారు ఏ దిక్కున ఉన్నారో మనకు తెలుస్తుంది. సృష్టికర్త మనిషికి ఇచ్చిన ఈ ఏర్పాటు ముందు ఏ యంత్రమైనా చిన్నదే. మామూలు హెడ్‌ఫోన్లలో ఈ భేదాలు నశిస్తాయి గనుక ధ్వని తల లోపలినుండి వచ్చినట్లు తోస్తుంది. ఆసిక్ వారు ధరించినవారి తల కొలతను, చెవి తీరును పరికరమే గుర్తించునట్లు, తల తిప్పినా ధ్వని తన స్థానంలోనే నిలిచి ఉండునట్లు చేస్తామన్నారు. నమూనాను ధరించి చూసినవారు మెచ్చుకున్నారు. 2016లో వారు జనం ముందుకు వచ్చి, సొమ్ము ముందుగా ఇవ్వండి, తయారు చేసి పంపుతామని కోరారు.

ఈ పద్ధతినే క్రౌడ్ ఫండింగ్ అంటున్నారు. అమెరికాలో ఇండీగోగో 2008లోను, కిక్‌స్టార్టర్ 2009లోను మొదలయ్యాయి. తయారీదారు తన ఆలోచనను వివరించి, ఇంత సొమ్ము కావాలని లక్ష్యం ప్రకటిస్తాడు. నచ్చినవారు తమ కార్డు ద్వారా చెల్లిస్తారు. కిక్‌స్టార్టర్‌లో గడువులోగా లక్ష్యం నెరవేరకపోతే ఎవరి కార్డు నుండీ పైసా తీయరు. నెరవేరితే నూటికి 5 వంతులు కిక్‌స్టార్టర్ తన రుసుముగా తీసుకొని, కార్డు ఖర్చులు పోను మిగిలినది తయారీదారుకు అందజేస్తుంది. అటుపిమ్మట వస్తువు వచ్చినా రాకపోయినా ఆ రుసుము తిరిగి ఇవ్వవలసిన పని దానికి లేదు. ఈ ఒక్క అంశమే మాకు మొదటినుండీ మింగుడు పడలేదు.

మొదటి నెలల్లో తయారీదారు నుండి ఉత్తరాలు క్రమంగా వస్తాయి. ఫ్యాక్టరీ బొమ్మలు, నమూనా రంగులు, పనివారి చిరునవ్వులు. మద్దతుదారుడు వాటిని ఇంటిల్లిపాదికీ చూపిస్తాడు. గడువు తేదీ వస్తుంది, ఒక చిన్న సమస్య వలన రెండు నెలలు పడుతుందని కబురు అందుతుంది. మరల మూడు నెలలు. ఆపై ఉత్తరాలు పలుచబడతాయి. అడిగిన ప్రశ్నకు జవాబు ఉండదు, అడగని దానికి పొడవైన వివరణ ఉంటుంది. సొమ్ము పోయినందుకంటే ఈ మౌనానికే ఎక్కువమంది మండిపడటం సహజం. వస్తువు ఆలస్యమైందని చెప్పిన మనిషిని ఓర్చుకోవచ్చు, తలుపు తీయని మనిషిని ఓర్చుకోవడం కష్టం. రంజాను నెలాఖరున షేర్వానీ కుట్టవలసిన దర్జీ దుకాణం మూసి ఉంటే ఆ ఇంట ఎంత అలజడి రేగుతుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆలస్యం ఎందుకు అవుతుంది? ఇందులో దురుద్దేశం కంటే తెలియనితనం పాలు ఎక్కువ. ఇంట పదిమందికి బిర్యానీ వండగల చేయి, వలీమాకు వెయ్యిమంది వచ్చిననాడు దేగ్‌ల ముందు నిలువలేదు. మంట వేరు, నీటి లెక్క వేరు, సరుకు దొరికే తీరు వేరు. ఒక నమూనాను చేతితో అతికించి పనిచేయించడం ఒక విద్య అయితే, దానినే పదివేలు ఒకే నాణ్యతతో తీయడం మరొక విద్య. ప్లాస్టిక్ భాగాలకు ఉక్కు అచ్చులు చెక్కించాలి. వాటికి నెలలు పడుతుంది, ఖర్చు మిక్కుటం, ఒక్క చోట కొలత తప్పితే అచ్చు మరల దిద్దవలసిందే. తీగలేని పరికరమైతే రేడియో తరంగాల అనుమతులు ఒక్కొక్క దేశంలో పొందాలి. లిథియం బ్యాటరీ ఉంటే విమానంలో పంపుటకు ముందు భద్రతా పరీక్షలు నెగ్గాలి. చిన్న కంపెనీ అడిగిన కొద్దిపాటి చిప్‌ల కొరకు పెద్ద సరఫరాదారు తన వరుస మార్చుకోడు. చైనాలో నూతన సంవత్సర సెలవులు వచ్చినపుడు ఫ్యాక్టరీలు వారాల తరబడి ఆగుతాయి.

విచిత్రమేమిటంటే, ఆశించిన దానికంటే ఎక్కువ సొమ్ము రావడం ఇక్కడ అదృష్టం కాక ఆపద అవుతుంది. ఒక్కొక్క వస్తువు ధరను అసలు ఖర్చు కంటే తక్కువగా లెక్కగట్టిన తయారీదారుకు ప్రతి కొత్త ఆర్డరూ ఒక కొత్త నష్టమే. ఆసిక్ విషయంలో జరిగినది దాదాపు ఇదే. జనం ఇచ్చిన సొమ్ము, పెట్టుబడిదారులు ఇచ్చిన సొమ్ము కలిపి రూపకల్పనకే ఖర్చయింది. మిగిలిన ఆర్డర్లు తయారు చేయాలంటే ఇంకా 20 లక్షల డాలర్లకు పైగా కావాలని కంపెనీ తన చివరి ప్రకటనలో తెలిపింది. తాము సొంత పొదుపును కూడా పెట్టామని, జీతం లేకుండా పనిచేశామని చెప్పుకొని క్షమాపణ కోరింది. ఆ మాటను నమ్మనివారు చాలామంది. మేము మాత్రం దానిని కొట్టివేయలేము. కాని అంతటి కొరత ఉన్నదని చివరి రోజున తెలుపుటకు బదులు ముందే తెలిపి ఉంటే, ఇచ్చినవారి మనసు ఇంతగా గాయపడేది కాదు.

అందరూ ఇలా ముంచలేదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపు బ్రాగీ కంపెనీ 2014లో తీగలేని చెవి పరికరాల కొరకు 33 లక్షల డాలర్లకు పైగా సేకరించింది. ఇచ్చినవారు దాదాపు 16,000 మంది. చెప్పిన గడువు దాటి ఏడాదికి పైగా ఆలస్యమైనా, వస్తువు మాత్రం చేరింది. అదే సంవత్సరం కెనడా గాయకుడు నీల్ యంగ్ పోనో అనే ముక్కోణపు సంగీత పరికరానికి 18,000 మందికి పైగా జనం నుండి 62 లక్షల డాలర్లు సేకరించి, వస్తువును అందజేశాడు. కొన్నేళ్లకే ఆ వ్యాపారం నిలిచిపోయినా మాట తప్పలేదు. (సంగీతం విషయమై మా అభిప్రాయం పాఠకులకు తెలిసినదే. ఇక్కడ మేము లావాదేవీనే చూస్తున్నాము.) పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వార్టన్ పాఠశాల ఆచార్యుడు ఈథన్ మాలిక్ 2015లో వెలువరించిన పరిశోధన ప్రకారం, కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరిన పథకాలలో నూటికి 9 తాము ఇస్తామన్నది ఇవ్వలేకపోయాయి. గడువు తప్పినవి మాత్రం చాలా ఎక్కువ. అంతకుముందు ఆయనే చేసిన అధ్యయనంలో నూటికి 75కు పైగా ఆలస్యంగానే అందాయి. అంటే ఆలస్యమే ఇక్కడ రివాజు, వేళకు రావడమే విశేషం. సొమ్ము కట్టే యువకులకు ఈ సంగతి ఎవరు చెబుతున్నారు?

2012లో కిక్‌స్టార్టర్ తాను దుకాణం కాదని బహిరంగంగా ప్రకటించింది. పరికరాల తయారీదారులు కంప్యూటర్‌తో గీసిన అందమైన బొమ్మలు చూపరాదని, ఉన్న నమూనాను ఉన్నట్లే చూపాలని నియమం పెట్టింది. 2014లో నిబంధనలను సవరించి, పని పూర్తి చేయలేని తయారీదారు సొమ్ము ఎలా ఖర్చయిందో తెలపాలని, న్యాయమైన పరిష్కారానికి తగిన ప్రయత్నం అంతా చేయాలని చేర్చింది. అయితే ఆ ఒప్పందం తయారీదారుకు, మద్దతుదారుకు మధ్యనే ఉంటుందని, తాను పక్షం కాదని కూడా అందులోనే ఉంది.

మా వద్ద చదువుకొని, ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఇటువంటి ఒక విదేశీ కంపెనీకి స్పీకర్ల కొరకు సొమ్ము కట్టి రెండేళ్లుగా ఎదురు చూస్తున్నాడు. ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: "హజ్రత్, నేను చేసినది కొనుగోలా, దానమా, భాగస్వామ్యమా?" ప్రశ్న సరియైనది. ఆ సంస్థలు 'మద్దతుదారు' అనే పదం వాడటంలోనే ఈ చిక్కంతా దాగి ఉంది. దానమైతే తిరిగి అడగరాదు. భాగస్వామ్యమైతే నష్టంలో వాటా ఉన్నట్లే లాభంలోనూ వాటా ఉండాలి, అది ఇక్కడ లేదు. వస్తువు పేరు, ధర, అందించే నెల చెప్పి సొమ్ము తీసుకున్న తరువాత దానిని మరేమని పిలువగలము?

మన ఫిఖ్హ్ గ్రంథాలలో ముందుగా సొమ్ము చెల్లించే వ్యాపారానికి సలమ్ అని పేరు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనా చేరుకున్ననాటికి అక్కడివారు ఏడాదికి, రెండేళ్లకు ముందే ఖర్జూరాలకు సొమ్ము కట్టేవారు. ఆయన దానిని నిషేధించలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా తెలిసి ఉండాలని షరతు విధించారు. దీనిని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. ఫలానా తోటలోని ఫలానా చెట్ల పండ్లకు సలమ్ చేయరాదని ఫిఖ్హ్ పండితులు అన్నారు, ఎందుకంటే ఆ తోటకు తెగులు సోకితే ఇవ్వడానికి వేరే పండు ఉండదు. ఒకే కంపెనీ, ఒకే ఆవిష్కరణ, ఇంతకు ముందెన్నడూ తయారు కాని వస్తువు - మాకైతే ఇది ఆ ఒక్క తోట లాగే తోస్తుంది.

చెప్పి చేయించుకునే వస్తువులకు హనఫీ పండితులు ఇస్తిస్నా అనే వేరొక మార్గం చూపారు. చెప్పులు, పాత్రలు చేయించుకోవడం జనంలో నడుస్తున్న వాడుక గనుక దానిని అనుమతించారు. సలమ్‌లో వలె సొమ్మంతా ముందే ఇవ్వనక్కరలేదు, కొంత బయానాగా ఇచ్చి తక్కినది వస్తువు చూసుకున్నాక ఇవ్వవచ్చు. ఉస్మానీ రాజ్యంలో 1876 నాటికి పూర్తయిన మజల్లా స్మృతి ఈ ఒప్పందానికి ఇరుపక్షాలూ కట్టుబడాలని నిర్ణయించింది. క్రౌడ్ ఫండింగ్‌లో కొరవడినది ఈ విభజనే. సొమ్మంతా ఒకే రోజున చేతులు మారుతుంది, ఆ తరువాత తయారీదారుని తొందరపెట్టే శక్తి కొన్నవాని వద్ద ఏమీ మిగలదు. నమూనాకు కొంత, అచ్చులు సిద్ధమయ్యాక కొంత, ఓడకెక్కిన పిమ్మట తక్కినది అని ఆ సంస్థలు విడగొట్టి ఉంటే ఎన్నో కంపెనీలు మొదటి మెట్టుపైనే తమ లెక్క తప్పని గ్రహించేవి.

సలమ్‌లో వస్తువు ఇవ్వలేకపోతే, వేచి ఉండటమా, ఒప్పందం రద్దు చేసి అసలు సొమ్ము తిరిగి తీసుకోవడమా అన్నది కొన్నవాని ఇష్టం. అమ్మినవాడు నిజంగా దివాలా తీసి ఉంటే గడువు ఇమ్మని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తుంది. ఉండీ దాచినవానికి ఈ మినహాయింపు లేదు.

ఆ సొమ్ముకు జకాత్ ఇవ్వాలా అని కూడా ఆ యువకుడు అడిగాడు. ఒప్పందం నిలిచి ఉన్నంతకాలం అతనికి రావలసినది సొమ్ము కాదు, సొంత వాడకానికి ఒక వస్తువు. దానిపై జకాత్ లేదు. ఒప్పందం రద్దయి, కంపెనీ తిరిగి ఇస్తానని అంగీకరిస్తే అది బాకీ అవుతుంది. రాదని దాదాపు తేలిపోయిన బాకీకి హనఫీ మతం ప్రకారం గడచిన ఏండ్ల జకాత్ లెక్కించనక్కరలేదు.

చట్టం ఏమి చేయగలిగిందన్నది చివరి సంగతి. 2015లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ క్రౌడ్ ఫండింగ్‌పై తన మొదటి కేసు చేపట్టింది. ఒక బల్ల ఆట తయారు చేస్తానని 1,22,000 డాలర్లకు పైగా సేకరించిన వ్యక్తి ఆ సొమ్ములో చాలా భాగాన్ని ఇంటి అద్దెకు, సొంత ఖర్చులకు వాడుకున్నాడని ఆరోపణ. 1,11,000 డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు వచ్చింది, కాని అతనికి స్తోమత లేనందున దాని వసూలు నిలిపివేశారు. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో పేకముక్కలు ముద్రిస్తానని 810 మంది నుండి 25,000 డాలర్లు తీసుకొని ఇవ్వని వ్యక్తిపై న్యాయస్థానం 54,000 డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. (వస్తువు ఎంపికను బట్టి ఆ 810 మందిపై మాకు పెద్దగా జాలి లేదు, అయినా మోసం మోసమే.) అందులో చాలా భాగం జరిమానా, కోర్టు ఖర్చులు. సొమ్ము కట్టినవారికి తిరిగి ఇవ్వమన్నది మొత్తం 668 డాలర్లు. అదీ ఆ రాష్ట్రంలో నివసించే 31 మందికి మాత్రమే. ఇతర రాష్ట్రాలవారు, ఇతర దేశాలవారు ఆ ఆదేశం పరిధిలోకి రాలేదు.